నైవేద్యమునకు ముందు ఒక ముక్క

భగవంతునికి నివేదింపవలసిన పదార్థమును వండువారు ముందుగా రుచి చూడరాదు. ఇది మన గృహములలో తరతరములుగా నిలచిన నియమము. ఉప్పెంత, పులుపెంత అన్నది చేతి కొలతకే తెలియవలెను. నాలుకకు తాకినది ఉచ్ఛిష్టము, అది నివేదనకు అర్హము కాదు. తాను ముందుగా అనుభవింపక, అర్పించిన పిదప మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుటయే ఇందలి అంతరార్థము. గీత మూడవ అధ్యాయము బోధించిన యజ్ఞశిష్ట భావము నిత్యము ఆచరణకు వచ్చు స్థానము వంటయిల్లే. ఇట్టి నియమమునకు ఇటీవల ఒక క్రొత్త కాయ పరీక్ష పెట్టుచున్నది. అదే జుకినీ.

నిజాంపేట 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలసి నగరపాలక సంస్థ అయినది. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు దంపతులు, స్వగ్రామము విడచి వారివద్దకు వచ్చిన తల్లిదండ్రులు అచ్చటి అపార్ట్‌మెంట్లలో ఒకే కప్పు క్రింద జీవించుచున్నారు. అట్టి ఒక ఇంట కోడలు మేడమీది కుండీలలో జుకినీ పెంచినది. మొదటి పంట కొన్న విత్తనములది, కాయలు కమ్మగా ఉన్నవి. రెండవ పంటకు ముదిరిన కాయనుండి తానే విత్తనములు తీసి నాటినది. ఒక శనివారము స్వామివారి నైవేద్యమునకు జుకినీ పప్పు వండదలచిరి. అత్తగారు మడి కట్టుకొని పొయ్యి వద్ద ఉన్నారు.

"అత్తయ్యగారూ, ఈ కాయ ఒక ముక్క కొరికి చూడనా?"

"నైవేద్యానికి కోసేదమ్మా, నోట పెట్టకూడదు."

"దోసకాయ అయితే మీరు చేదు చూడందే కోయరు కదండీ!"

పెద్దామె క్షణకాలము మౌనము వహించి, "నిజమే. అది వంట కాదు, కాయే. పొయ్యికి దూరంగా వెళ్లి చూసి, చెయ్యి కడుక్కుని రా" అన్నారు. కోడలు ముక్క నాలుకకు తాకించి వెంటనే ఉమిసివేసినది. అది విషమువలె చేదు. ఆనాడు స్వామికి ముద్దపప్పే నివేదన అయినది.

ఆమె అడిగిన ప్రశ్నలో ఆచారధిక్కారము లేదు, ప్రాణరక్షణ ఉన్నది. దోస, ఆనప, గుమ్మడి జాతులన్నిటిలో కుకుర్బిటాసిన్ అను చేదు ద్రవ్యము పుట్టగల శక్తి నిగూఢముగా ఉండును. తినుటకు పెంచు రకములలో మానవుడు ఎన్నో తరములు ఏరి ఏరి దానిని అణచినాడు. అలంకారమునకు పెంచు చేదు గుమ్మడి పుప్పొడి సోకిన పువ్వునుండి వచ్చిన విత్తనములో అది తిరిగి ప్రకోపింపవచ్చును. నీటి ఎద్దడి, తీవ్రమైన ఎండ కూడ దానిని పెంచగలవు. ఉడికించినంత మాత్రమున అది నశింపదు. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో 79 సంవత్సరముల వృద్ధుడు ఇంట పండిన చేదు జుకినీ తిని మరణించెను. ఢిల్లీలో 2010లో చేదు ఆనపకాయ రసము త్రాగి ఒకరు మరణింపగా, భారతీయ వైద్య పరిశోధన మండలి నిపుణులు చేదు రసమును త్రాగరాదని హెచ్చరించిరి. కాకరకాయ చేదు వేరు, అది ఆ కాయకు స్వభావము. ఆనపకు, జుకినీకి చేదు వికారము.

ఈ విషయమును ప్రాచీనులు ఎరుగనివారు కారు. జైనుల జ్ఞాతృధర్మకథా గ్రంథము పదునారవ అధ్యాయములో నాగశ్రీ అను బ్రాహ్మణ స్త్రీ చేదు సొరకాయ వండును. ఒక చుక్క నాలుకపై వేసికొని అది విషతుల్యమని గ్రహించి కూడ, నలుగురిలో నవ్వులపాలగుదునను భయముతో దాచి, ధర్మరుచి అను మునికి భిక్షగా వేయును. పారవేయుమని గురువు ఆదేశింపగా, ఒక చుక్క నేలపై పడి చీమలు చచ్చుట చూచి, ఆ మహానుభావుడు జీవహింసకు ఓర్వలేక దానిని తానే భుజించి దేహము విడచును. అనేక జన్మల పిదప ఆ నాగశ్రీయే ద్రౌపదిగా పుట్టినదని వారి కథనము. ఆమె రుచి చూచుట దోషము కాదు. తెలిసిన సత్యమును దాచుటయే దోషము. అన్నము పరబ్రహ్మస్వరూపము గనుక పారవేయరాదని, బెల్లము, చింతపండు వేసి చేదును కప్పివేయు గృహిణులు ఈ కథను స్మరింపవలెను.

కాళహస్తిలో కన్నప్ప రుచి చూచి నివేదించెనని కొందరు వాదింతురు. కన్నప్ప భక్తి మనకు లేదు, కావున ఆ స్వేచ్ఛయు మనకు లేదు. అయినను బియ్యములో రాళ్లు ఏరుట, పూలలో పురుగులు చూచుట ఎట్టివో, పచ్చికాయలో చేదు పరీక్షించుట అట్టిదే. అది భోగము కాదు, ద్రవ్యశుద్ధి. నియమము వండిన పదార్థమునకు, పరీక్ష వండని కాయకు. రెండును ఒకదానికొకటి అడ్డురావు.

పరదేశపు కాయ నివేదనకు తగునా అని మరొక సందేహము. మిరపకాయయు అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినదే, నేడు మన నిత్యనైవేద్యములో కలసిపోయినది. జుకినీ పూర్వజమును ఆ ఖండముననే, మెక్సికో ప్రాంతములో, వేల సంవత్సరముల క్రిందటనే సాగుచేసిరి. నేటి రూపము ఇటలీలో ఏర్పడినది. ఆ భాషలో దాని పేరునకు చిన్న గుమ్మడి అని అర్థము. నిత్యపూజలో దీనికి అభ్యంతరము కనిపింపదు. పితృకార్యమునకు మాత్రము వంశాచారమే ప్రమాణము, అచ్చట క్రొత్త కాయలు వలదు.

వండు విధానము సులభము. లేత కాయకు చెక్కు తీయనక్కరలేదు. అందు నూటికి 95 పాళ్లు నీరే గనుక ఆనపకాయవలె ముందుగా వేసిన కరగిపోవును. కందిపప్పు మెత్తబడిన పిదప ముక్కలు వేసి, నాలుగైదు నిమిషములలో దింపవలెను. కూరలో ఉప్పు చివర వేసిన నీరు ఊరదు. పసుపుపచ్చని రకము పెరుగుపచ్చడికి, ఆవపెట్టిన కూరకు ఇంపుగా ఉండును.

మృత్యుంజయ మంత్రములో ముక్తికి ఉపమానము పండి తీగనుండి తానై విడివడు ఉర్వారుకము. జుకినీ పండకముందే మనము కోయు కాయ. పరిపక్వముకాని దానిని గ్రహించునపుడు పరీక్షించి గ్రహించుట వివేకము. అది చేదైనచో సంకోచింపక విడచుటయు వివేకమే.

స్వస్తి.