దారంతో కొలిచిన ఆకాశమార్గం

బాలలూ! పాఠం చెప్పే పంతులు కూడా ఒక్కొక్కసారి తప్పు చెబుతాడు. నేను చెప్పిన ఒక తప్పు ఏళ్ల తరబడి నాకే తెలియలేదు. మా మనుమరాలి ప్రయాణంతో అది బయటపడింది.

2021 జనవరి 15న ఎయిర్ ఇండియావారు హైదరాబాదు నుంచి అమెరికాలోని చికాగో నగరానికి మధ్యలో ఎక్కడా ఆగని విమానం ప్రారంభించారు. (ఆ విమానం తరువాత నిలిచిపోయిందనుకోండి.) ఆ నెలాఖరున మా అమ్మాయి, ఎనిమిదేళ్ల మనుమరాలు అందులో వెళ్లారు. వాళ్లను శంషాబాదులో దిగబెట్టి మేము మోత్కూరు చేరేసరికి పొద్దు గూకింది.

"ఇప్పుడు యాడ ఉన్నరో చెప్పుండ్రి" అన్నది మా ఇంటావిడ.

గోడమీది ప్రపంచ పటంపై హైదరాబాదు నుంచి చికాగోకు దారం లాగి పట్టాను. అది అరేబియా, ఈజిప్టు, మొరాకోల మీదుగా పోయి అట్లాంటిక్ సముద్రం దాటింది. "ఇప్పుడు ఈజిప్టు. అర్ధరాత్రికి సముద్రం మీద వుంటారు" అన్నాను ధీమాగా. అర్ధరాత్రి, సముద్రం అనేసరికి ఆవిడకు ఇక నిద్ర పట్టలేదు. దీపం ఆర్పకుండా తెల్లవార్లూ కూర్చున్నది.

పొద్దున్నే ఫోను వచ్చింది. "తాతా! మేము ఈజిప్టు మీదుగా పోనేలేదు. సీటు ముందరి తెరమీద విమానం బొమ్మ గ్రీన్లాండు మీద పాకింది. కిటికీ బయట ఎంతసేపు చూసినా చీకటే!" అన్నది మనుమరాలు. నిజమే, జనవరిలో ఆ ఉత్తరపు కొసన సూర్యుడు ఉదయించడు.

బత్తాయి తొక్కను ముక్కలు కాకుండా బల్లమీద పరచగలరా? మన నల్లగొండ బత్తాయిలతోనే చేసి చూడండి, చిరిగిపోతుంది. గుండ్రని భూమిని కాగితం మీద పరచాలంటే కూడా ఎక్కడో సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ఉత్తర దేశాలు బాగా సాగిపోతాయి. అందుకే ఆ పటంలో గ్రీన్లాండు ఆఫ్రికా అంత కనబడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది!

ఇప్పుడు గ్లోబు తీసుకోండి. హైదరాబాదు, చికాగోల మధ్య దారం బిగించి పట్టండి. అది కజకస్తాన్, రష్యాల మీదుగా ఎక్కి, ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో వంపు తిరిగి, గ్రీన్లాండు, కెనడాల మీదుగా దిగుతుంది. ఆ దారాన్ని భూమధ్యరేఖ చుట్టూ పరిచి చూడండి. దాదాపు మూడుసార్లకు చుట్టు పూర్తవుతుంది. చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు గనుక మన దూరం 13,300 అన్నమాట. నా గోడపటం దారి పట్టుకుని పోతే 16,000 దాటేది.

గంటకు 900 చొప్పున లెక్కవేస్తే పదిహేను గంటలైనా పట్టకూడదు. కాని ఆ విమానానికి పదహారు గంటలా ముప్పావు పెట్టారు. పైన పడమటినుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు ఎదురవుతాయి. తిరుగు ప్రయాణంలో అవే వెనకనుంచి తోస్తాయి గనుక సుమారు గంట తగ్గుతుంది.

ఉద్యోగం కొత్తలో నేను ఇలాంటి ప్రశ్నే పరీక్షలో ఇచ్చాను. ఒక్క కుర్రవాడు "ధ్రువం పక్కనుంచి పోవాలి" అని రాస్తే రెండు మార్కులు కోశాను. మొన్న అంగడిలో కనిపించాడు, తల నెరిసింది. సంగతంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

"అయితే ఆ రెండు మార్కులు ఇప్పుడెయ్యుండ్రి సార్" అన్నాడు.