తూటా ఎక్కడ ఆగింది?



ఈసారి ఉత్తరమంతా ఒహాయో పాఠకుడొకరి ప్రశ్నకే సరిపోయేలా ఉంది. పక్కింటి పెద్దాయన దగ్గర పాత మార్లిన్ 336 లీవర్ రైఫిల్ కొన్నారట. "లీవర్ సగంలో బిగుసుకుపోతుందండీ, ముందుకూ రాదు వెనక్కీ పోదు. స్ప్రింగ్ మార్చేస్తే సరిపోతుందా?" అని అడిగారు.

లీవర్ రైఫిల్ అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది కౌబాయ్ సినిమాలే. 1971లో కృష్ణగారు 'మోసగాళ్ళకు మోసగాడు' తీసినప్పటి నుంచీ ఆ గుర్రాలూ టోపీలూ మనవే అయిపోయాయి. సినిమాలో తూటా ఇరుక్కోవడం మాత్రం ఎవరూ చూసి ఉండరు. అమెరికాలో జింకల వేటకెళ్లేవాళ్లను అడగండి, గంటసేపు చెబుతారు.

స్ప్రింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో తేలాలి. ఈ రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద మరో గొట్టంలో, అంటే మ్యాగజైన్‌లో, ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. లీవర్ నాలుగైదుసార్లు ఆడించి, ఏమీ బయటికి రాకపోతే ఖాళీ అనుకుంటాం. మామూలు తుపాకీలోనే అది చాలదు. తూటా సరిగా అందని తుపాకీలో అసలు నమ్మకూడదు. స్ప్రింగ్ నీరసించినా, గొట్టంలో తుప్పు పట్టినా లోపలొక తూటా అలాగే ఉండిపోతుంది. గొట్టం మూతిని మనుషుల్లేని వైపు పెట్టి, లీవర్ పూర్తిగా తెరిచి, టార్చిలైటు వేసి చూడండి. తూటా పేలే అర, అంటే ఛాంబర్, ఖాళీగా కనిపించాలి. మ్యాగజైన్ నోటి దగ్గర తూటాలను తోసే బిళ్ల, అంటే ఫాలోవర్, కంటికి ఆనాలి. అది కనబడకపోతే లోపల ఇంకా ఏదో ఉందనే లెక్క.

ఆ తర్వాత పరీక్షంతా డమ్మీ తూటాలతోనే. మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేనివి దుకాణాల్లో దొరుకుతాయి. అసలు తూటాలతో వంటింట్లో లీవర్ ఆడించేవాళ్లకు నా దగ్గర సలహా లేదు.

డమ్మీలు పెట్టి, లీవర్‌ను గట్టిగా, చివరిదాకా తోసి, అంతే గట్టిగా వెనక్కి లాగండి. పాత వస్తువు కదా అని చాలామంది సుతారంగా ఆడిస్తారు. వేటలోనైతే జింక వింటుందేమోనని మెల్లగా తోస్తారు. సగం జబ్బులు అక్కడే పుడతాయి. వించెస్టర్ 94 రైఫిల్‌లో తూటాను ఛాంబర్ ఎత్తుకు లేపే పలక, అంటే క్యారియర్, దాన్ని పైకెత్తేది లీవర్ ప్రయాణం చివరి కొసలోనే. ఆ కొసదాకా వెళ్లకుండా వెనక్కి లాగితే తూటా తల ఛాంబర్ కింది అంచుకు కొట్టుకుని ఆగుతుంది. 1894లో జాన్ బ్రౌనింగ్ గీసిన ఆ యంత్రం జోరుగా ఆడించడానికే పుట్టింది.

జోరుగా ఆడించినా ఇరుక్కుంటే, చేయి తీసి ఊరికే చూడండి. తూటా ఎక్కడ ఆగింది? గొట్టంలోంచి రానే లేదంటే స్ప్రింగో, తుప్పో, సొట్టో. క్యారియర్ మీదికొచ్చి పైకి లేవలేదంటే మురికిని అనుమానించండి. ఏళ్లతరబడి పోసిన నూనె లోపల ఆరిపోయి, గిన్నె అంచున గట్టిపడ్డ బెల్లం పాకంలా పట్టేస్తుంది. సాల్వెంట్‌తో కడిగి, పలచగా నూనె రాస్తే లేచి కూర్చున్న రైఫిళ్లు ఎన్నో. పాత 94ల్లో క్యారియర్‌ను పైన నిలిపి ఉంచే చిన్న స్ప్రింగొకటి ఉంటుంది. దాని స్క్రూ వదులైతే, లేచిన క్యారియర్ మళ్లీ జారిపోతుంది. ఖర్చు తగ్గించడానికి 1964లో వించెస్టర్‌వాళ్లు ఆ క్యారియర్‌నే రేకుతో అచ్చొత్తడం మొదలుపెట్టారు. '64కి ముందుదా, తర్వాతిదా' అని ముసలి వేటగాళ్లు ఇప్పటికీ అడగడం ఊరికే కాదు.

ఇక మన ఒహాయో మిత్రుడి బాధ. లీవర్ ఎటూ కదలకుండా బిగుసుకుందంటే నా అనుమానం ఒక్కటే, వేటగాళ్లు 'మార్లిన్ జామ్' అని పిలిచేది. మార్లిన్ 1894 మోడల్‌లో ఎక్కువ, 336లోనూ లేకపోలేదు. లీవర్ మీద ఒక పదునైన అంచు ఉంటుంది. అది క్యారియర్‌ను రాసుకుంటూ పోయి, కొన్నాళ్లకు అక్కడ గాడి పడుతుంది. గాడి పడ్డాక క్యారియర్ నిలవాల్సిన ఎత్తులో నిలవదు. వెంట్రుకవాసి తేడా చాలు, రెండో తూటా ముందే జారివచ్చి క్యారియర్ కింద దూరుతుంది. దాంతో అంతా బందు. కొత్త మ్యాగజైన్ స్ప్రింగ్ వేస్తే ఇది తగ్గదు. రెండో తూటాను ఇంకా గట్టిగా తోస్తుంది, అంతే.

మార్లిన్ విప్పడం తేలిక. లీవర్ స్క్రూ ఒక్కటి తీస్తే లీవర్ వస్తుంది, వెంటే బోల్టూ వస్తుంది. ఖాళీ తూటాను బయటికి నెట్టే ముక్క, అంటే ఎజెక్టర్, కింద పడిపోకుండా పట్టుకోండి. తుపాకీని వెలుగులో అటూ ఇటూ తిప్పితే క్యారియర్ మీద గాడి మెరుస్తూ కనిపిస్తుంది, వేలిగోటికి తగులుతుంది. స్క్రూడ్రైవర్ మాత్రం తుపాకుల కోసం చేసినదే కావాలి. మామూలుదాని మొన ఏటవాలుగా ఉండి, జారి, స్క్రూ తలను కొరికేస్తుంది. కొరికిన స్క్రూ చూస్తే కొనేవాడు ధర తగ్గించేస్తాడు. గాడి కనిపించాక ఆకురాయి తియ్యకండి. లీవర్ అంచు మొద్దుచేయడం, గాడి పూడ్చడం గన్‌స్మిత్ పని. అసలు తూటా ఉండగానే బిగుసుకుంటే ఏదీ దూర్చి పెకలించకండి, ప్రైమర్ ఎటు ఉందో బయటికి తెలియదు. అలాగే తీసుకెళ్లడం కాదు, ముందు గన్‌స్మిత్‌కు ఫోన్ చేసి ఎలా తేవాలో అడగండి.

తూటాల మాటొకటి మిగిలింది. .30-30 తూటాకు ముక్కు చదునుగా ఉండేది అందం కోసం కాదు. గొట్టంలో వెనక తూటా ముక్కు ముందుదాని ప్రైమర్‌కు ఆనుకుంటుంది. మొనదేలిన లోహపు తూటా అక్కడ పెట్టడమంటే సుత్తీ మేకూ పెట్టినట్టే. హార్నడీ కంపెనీ ప్రత్యేకంగా మెత్తటి మొనతో చేసినవి వేరు. పొడవు కూడా చూసుకోవాలి. 1873 వించెస్టర్ తరహాలో తూటా మరీ పొట్టిదైతే, తర్వాతి తూటా అడుగు క్యారియర్‌లోకి దూరి దాన్ని పైకి లేవనివ్వదు. .357 రైఫిల్‌లో పొట్టి .38 స్పెషల్ తూటాలు వేసి "తుపాకీ పాడైంది" అనేవాళ్లు ముందు డబ్బా మార్చి చూడాలి.

మిగతా మిత్రులు ప్రశ్న రాసేటప్పుడు మోడల్ పేరు, తూటా రకం, అది ఆగిన చోటు, ఈ మూడూ తప్పక రాయండి. వీలైతే లీవర్ తెరిచి తీసిన ఫోటో జతచేయండి. ఒహాయో మిత్రమా, మీ క్యారియర్ మీద గాడి ఉందో లేదో తెలియజేస్తే మిగతాది వచ్చే ఉత్తరంలో మాట్లాడుకుందాం.

ఉంటాను,
మీ ఉత్తరాల మిత్రుడు