మంట తగ్గితే రెగ్యులేటరే దొంగా?

గ్యాసు దగ్గర ఏ తేడా వచ్చినా మనవాళ్లు ముందు అనుమానించేది రెగ్యులేటర్‌నే. ఏజెన్సీ కుర్రాడు వచ్చి దాన్ని పీకి, ఇంకోటి టక్కున తగిలించి, మంట వెలిగించి చూపించి పోవడం చూస్తూ పెరిగాం మరి. విజయవాడ నుంచి ఫీనిక్స్‌కి నాతో వచ్చిన పాండిత్యంలో ఇదీ ఒకటి. సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ కొని పిల్లలతో గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచుకి వెళ్లినప్పుడు దాన్ని ప్రదర్శించాను.

నవంబరు నెల, దాదాపు 7,000 అడుగుల ఎత్తు. పొద్దు వాలగానే చలి ఎముకలు కొరకడం మొదలెట్టింది. ట్రైలర్ ముందు భాగంలో రెండు ప్రొపేన్ సిలిండర్లు, ఒక్కోదాంట్లో 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోల గ్యాసు. ప్రయాణంలో కట్టేసి ఉంచిన వాల్వుని ఆ చలికి తొందరపడి ఒక్క ఊపున పూర్తిగా తిప్పేశాను. లోపలికొచ్చి స్టవ్ వెలిగిస్తే సిమ్‌లో పెట్టినట్టు సన్నటి మంట. ఉప్మాకి పెట్టిన ఎసరు ఎంతకీ మరగదు. ఫర్నేస్ టిక్కుటిక్కుమని అంటుకుంటుంది, వెంటనే ఆరిపోతుంది.

"గ్యాసు అయిపోయిందేమో చూడండి" అంది మా ఆవిడ. సిలిండర్ ఎత్తి చూస్తే బరువుగానే ఉంది. ఇంకేం, దొంగ దొరికాడు. రెగ్యులేటర్ మీద మూత విప్పితే లోపల ఒక స్క్రూ. బిగిస్తే ఒత్తిడి పెరుగుతుందని ఎక్కడో విన్నాను. బిగించాను. మంటలో మార్పు లేదు. ఇంకొంచెం బిగించాను. అయినా లేదు. విసుగొచ్చి పొయ్యి, ఫర్నేస్ అన్నీ ఆపేసి, వాల్వు మాత్రం అలాగే వదిలేసి, దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

తెల్లారి స్టవ్ తిప్పితే భగ్గుమంది. నా స్క్రూ రాత్రంతా ఆలోచించుకుని తెల్లారి పనిచేసింది కాబోలు అనుకున్నానే తప్ప, అదెలా కుదురుతుందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. కాఫీ తాగుతూ ఇంట్లో అందరి దగ్గరా గొప్పలు పోయాను. మంట కొసలు పచ్చగా లేస్తున్నాయి, గిన్నెల అడుగులు నల్లగా మసిబారుతున్నాయి. చలిప్రదేశం కదా, ఇక్కడింతేనేమో అన్నాను. మా ఆవిడ మాత్రం గిన్నె బోర్లించి, వేలితో మసి తీసి నా ముందు పెట్టింది.

తిరుగు దారిలో ఓ చిన్న ఊళ్లో ఆర్వీలు, అంటే మాలాంటి ఇల్లుబండ్లు, బాగుచేసే షాపు దగ్గర ఆపాం. అక్కడి పెద్దాయన రెగ్యులేటర్ వంక కూడా చూడలేదు. "వాల్వు ఎలా తిప్పావు?" అని అడిగాడు. చేత్తో చూపించాను. నవ్వాడు.

అమెరికా సిలిండర్‌కి గొట్టాన్ని చేత్తో బిగించే ప్లాస్టిక్ నట్టు దగ్గర ఒక కాపలా ఏర్పాటుంది. గొట్టం తెగి గ్యాసు ఒక్కసారిగా పరుగెడితే అది అడ్డం పడి, సన్నటి ధారని మాత్రమే వదులుతుంది. వాల్వుని విసురుగా తిప్పినా దానికి అదే అనుమానం. అన్నీ కట్టేసి ఉంటే ఆ సన్నటి ధారే మెల్లగా పైపులు నింపుతుంది, రెండువైపులా ఒత్తిడి సమానమయ్యాక అడ్డు తొలగిపోతుంది. ఆ రాత్రి జరిగింది ఇదే. నేను చెడగొట్టింది మాత్రం స్క్రూని. మన ఇళ్లలో రెగ్యులేటర్ సిలిండర్ నెత్తినే కూర్చుంటుంది, దాని నాబ్ తిప్పితే చాలు. ఇక్కడి వాల్వుని మెల్లగా, ఆగి ఆగి తెరవాలన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఆయన స్టవ్ పైపుకి ఒత్తిడి కొలిచే మానోమీటర్ ఒకటి తగిలించాడు. ఆర్వీ పరికరాలకి కావలసిన ఒత్తిడి 11 అంగుళాల నీటిమట్టం. మన ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేదీ ఇంచుమించు ఇంతే. నీళ్లున్న గొట్టంలో నోటితో ఊదినా పుట్టేంత చిన్న ఒత్తిడి అది. ఓ మోస్తరు వెచ్చని రోజున సిలిండర్ లోపల ఉండేదో, చదరపు అంగుళానికి నూరు పౌండ్ల పైమాటే. దాన్ని రెండు దశల్లో ఇంతకి దించడమే రెగ్యులేటర్ ఉద్యోగం. నా ప్రతాపానికి ముల్లు 11 దాటి చాలా దూరం పోయింది. ఒత్తిడి మితిమీరితే మంటకి గాలి చాలదు, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తలుపులన్నీ మూసుకున్న ట్రైలర్లో పిల్లల్ని పడుకోబెట్టి నేను చేసిన పని అదన్నమాట. ఆయన బర్నర్లు వెలిగించి, గ్యాసు నడుస్తుండగానే ముల్లుని 11కి తెచ్చి, మూత బిగించి, "మీటర్ చేతిలో లేకుండా ఇది విప్పకు" అన్నాడు. ఫ్రిజ్ కూడా ఆగిపోయిందని ఫిర్యాదు చేశాను. మిగతావన్నీ వెలుగుతుంటే అదొక్కటే ఆరిందంటే రెగ్యులేటర్‌కి సంబంధం లేదట. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్‌లు 5,500 అడుగులు దాటితే మొరాయించడం మామూలేనట.

దీని తర్వాత రెగ్యులేటర్‌ని అనుమానించడమే మానేశాను. అందుకే అది నిజంగా చెడిపోయినప్పుడు పట్టుకోవడం ఆలస్యమైంది. ఒక వేసవిలో మంట పెరుగుతూ తరుగుతూ ఊగిసలాడింది. వాల్వు కట్టేసి మెల్లగా తెరిచాను, రెండో సిలిండర్‌కి మార్చాను, ఏం చేసినా అంతే. చివరికి వంగి చూస్తే రెగ్యులేటర్ కింద గాలి పీల్చుకునే చిన్న రంధ్రంలో కందిరీగ కట్టిన మట్టిగూడు! లోపలి పొర పైకీ కిందికీ ఆడాలంటే ఆ రంధ్రం బయటిగాలికి తెరుచుకుని ఉండాలి. పుల్లతో పొడవబోయి ఆగాను. గొట్టం విప్పితే లోపల జిడ్డునూనె కూడా కనిపించింది. అది గొట్టాల నుంచి ఊరి దిగుతుంది, అందుకే రెగ్యులేటర్‌ని సిలిండర్ వాల్వులకంటే ఎత్తులో పెట్టమంటారు. నాది పాత యజమాని పుణ్యమా అని కిందికి ఉంది.

మనిషిని పిలిపించి కొత్తది పై ఎత్తున, రంధ్రం కిందికి ఉండేలా, వానపడకుండా తొడుగుతో బిగించమన్నాను. జాయింట్లకి సబ్బునీళ్లు పూసి బుడగలు లేవని చూశాక, ముల్లు 11 మీద నిలబడేదాకా నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను. మీటర్ సొంతానికి ఒకటి కొనుక్కున్నాను కూడా. వంటింటి సొరుగులో అట్లకాడ పక్కన ఉంటుంది, ఇదెందుకండీ ఇక్కడ అని మా ఆవిడ ఇప్పటికీ గొణుగుతుంది.