9 పెద్దదా, 38 పెద్దదా?

జావాలో ఇంట్, స్ట్రింగ్ అని ముందే చెప్పాలంటే నాకు చిరాకు. అందుకే మా పత్తి తీతల లెక్క పైథాన్‌లో రాశా. నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగేలోపు అయిపోయింది.

అందరికంటే ఎక్కువ తీసినవాళ్లకి అమ్మ వంద అదనంగా ఇస్తుంది. ప్రోగ్రామ్ 9 కిలోల అమ్మాయిని చూపించింది. 38 కిలోలు తీసిన పెద్దావిడ ఏమీ అనలేదు, సంచి మడుచుకుంటోంది. "ఇదేం లెక్కరా?" అని అమ్మే అడిగింది.

పైథాన్‌లో ఇన్‌పుట్ స్ట్రింగ్‌గా వస్తుంది. స్ట్రింగులని మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది కాబట్టి 3 కంటే 9 పెద్దది. జావాలో రెండు స్ట్రింగుల మధ్య 'కంటే పెద్దది' గుర్తు పెడితే కంపైలే కాదు. నాకు మిగిలింది రెండు లైన్ల శ్రమ, పోబోయింది ఆవిడ వంద.

ఆ రాత్రే ఇంట్‌గా మార్చాను. అమ్మ మాత్రం మళ్లీ నోట్‌బుక్కులోనే రాసుకుంటోంది.