మంచుతీరం - మడతీరం

ప్రయాణ సాధనం మారితే మనిషి చూపు కూడా మారుతుంది. రైలు కిటికీలోంచి చూసేవాడికి చెట్లు, ఊళ్లు, పొలాలు వెనక్కి పరుగెడుతున్నట్లు కనిపిస్తాయి. విమానమెక్కినవాడికి నేల ఒక పటంలా పరచుకుంటుంది. పడవలో కూర్చున్నవాడి అనుభవం వేరు. అతని కన్ను నీటిమట్టానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉంటుంది. గట్టుమీద నడిచే మనిషి, గట్టు దిగువన ఊగే రెల్లు, ఆ రెల్లులో కదిలే కొంగ అతనికి ఒకే వరుసలో కనిపిస్తాయి. నేల ఎక్కడ ముగుస్తున్నదో, నీరు ఎక్కడ మొదలవుతున్నదో తెలియాలంటే అంత దగ్గరగా, అంత నెమ్మదిగా ప్రయాణించాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి చదువుల కోసం, కొలువుల కోసం అమెరికా వెళ్లి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులలో కొందరు వేసవిలో ఉత్తరాన ఉన్న అలాస్కా తీరానికి నౌకాయాత్ర చేసి వస్తారు. అక్కడ వేలమందిని మోసే మహానౌకలున్నాయి. వందమందికి మించి పట్టని చిన్న ఓడలూ ఉన్నాయి. చిన్న ఓడ పెద్ద ఓడ పోలేని ఇరుకు పాయలలోకి చొచ్చుకుపోగలదు. రెండువైపులా నిటారుగా లేచిన కొండలు, వాటి నడుమ సముద్రం దాకా దిగివచ్చిన హిమానీనదం, నీలివన్నెతో మెరిసే మంచుగోడ కనిపిస్తాయి. అప్పుడప్పుడు ఆ గోడనుంచి పెద్ద పెళ్ల విరిగి నీటిలో పడుతుంది. ఆ చప్పుడు ఉరుములా కొండలలో మారుమోగుతుంది.

వరిపొలాల నడుమ పెరిగిన కంటికి ఆ దృశ్యం మొదట పరాయిదిగానే తోస్తుంది. అయితే ఓడ మంచుగోడను సమీపించేకొద్దీ నీటిరంగు మారుతుంది. నీలం తగ్గి పాలు కలిసినట్లు తెల్లబారుతుంది. హిమానీనదం తన బరువుతో కొండరాతిని ఒరుసుకుంటూ దిగుతుంది. ఆ ఒరిపిడికి రాయి పిండి అవుతుంది. నీటిలో కలిసిన ఆ రాతిపిండే తెలుపునకు కారణం. వరదనీటి రంగును ఏటా చూసే కృష్ణాతీరవాసికి ఈ సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. కొండను అరగదీసి నేలగా మార్చే పని అక్కడ మంచు చేస్తున్నది. ఇక్కడ నది చేస్తున్నది.

ఆ తీరంలో గ్లేసియర్ బే అనే అఖాతం ఉన్నది. 1794లో జార్జ్ వాంకూవర్ నాయకత్వాన తీరాన్ని సర్వే చేసిన బ్రిటిష్ నావికులకు అక్కడ అఖాతం దాదాపు కనబడనే లేదు. ఎదురుగా మంచుగోడ నిలిచి ఉన్నది. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి పరిశోధకుడు వెళ్లేసరికి మంచు 45 కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది. 1916 నాటికి ఆ దూరం సుమారు 100 కిలోమీటర్లయింది. నేడు ఓడలు తిరిగే నీరంతా ఒకనాటి మంచే. అంతకు పూర్వం అక్కడ నివసించిన ట్లింగిట్ జాతివారిని ముందుకు సాగివచ్చిన మంచు ఊళ్లు విడిచిపోయేలా చేసింది. మంచు బరువు తొలగిన నేల ఇప్పుడు ఏటేటా కొంత పైకి లేస్తున్నది. మొదట నాచు, తరువాత పొదలు, ఆపైన అడవి ఆ కొత్తనేలను ఆక్రమించుకుంటున్నాయి. తీరరేఖ శాశ్వతమైనది కాదన్న సత్యాన్ని ఆ అఖాతం రెండు శతాబ్దాల కాలంలోనే చూపింది.

ఈ సత్యం కృష్ణా డెల్టాకూ వర్తిస్తుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించే కృష్ణానది తెచ్చిన ఒండ్రుమట్టి వేల సంవత్సరాలపాటు పేరుకుని ఈ నేల ఏర్పడింది. విజయవాడ దగ్గర ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో ముగిసింది. అక్కడినుంచి బయలుదేరిన కాలువలే డెల్టాకు ప్రాణనాడులైనాయి. తూర్పు కాలువ, నిజాంపట్నం కాలువ, పడమర కాలువ అనే మూడు కాలువలు తెనాలి పట్టణం మధ్యనుంచి సాగుతున్నాయి. తెనాలిని ఆంధ్రా పారిస్ అని పిలవడంలో వీటి పాలు తక్కువేమీ కాదు.

ఆ కాలువలు కేవలం సాగునీటి కోసమే కాదు; అవి రహదారులు కూడా. కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం చేరిన పడవలు బకింగ్‌హాం కాలువలో ప్రవేశించి మద్రాసు దాకా వెళ్లేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గడలు వేసేవారు, లేదా గట్టువెంట నడుస్తూ తాడుతో లాగేవారు. కాలువ మట్టం మారేచోట లాకులుండేవి. పడవ రెండు జతల తలుపుల మధ్య ఆగగానే వెనుక తలుపులు మూసి ఎగువ నీటిని లోపలికి వదిలేవారు. నీటితోపాటు పడవా మెల్లగా పైకి లేచేది. రైళ్లూ లారీలూ పెరిగిన తరువాత ఈ ప్రయాణాలు క్రమంగా అంతరించాయి. 2008లో కాకినాడ - పుదుచ్చేరి కాలువలను నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. కాని గుర్రపుడెక్క అల్లుకున్నచోట పడవ మాట అటుంచి నీరే సాగలేదు.

పడవ ఇంకా బతికి ఉన్నది సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెలలో. రేపల్లెకు చేరువలోని పెనుమూడి రేవునుంచి ఒకప్పుడు జనం పడవలమీదే దివిసీమకు దాటేవారు. ఇప్పుడు అక్కడ వంతెన ఉన్నది. అక్కడినుంచి దిగువకు సాగితే లంకలు, మేటలు దాటి నది వెడల్పవుతుంది. 1606లో డచ్చివారు వర్తకస్థావరం నెలకొల్పిన నిజాంపట్నం నేడు మత్స్యకారుల రేవు. ఆ పరిసరాలలోని ఉప్పునీటి పాయలలో పోటు వచ్చినప్పుడు నీరు పైకి, పాటు వచ్చినప్పుడు కిందికి నడుస్తుంది. ఆ రెంటికీ ఓర్చి నిలిచేది మడ అడవి. గాలి చొరని బురదలో పెరిగే మడచెట్టు తన వేళ్లను నేలపైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. రొయ్యలకు, చేపపిల్లలకు ఆ వేళ్ల నడుమనే పెంపకం. సముద్రపు అల తాకిడిని మొదట భరించేది ఆ అడవే. 1977 నవంబరు 19న ఉప్పెన విరుచుకుపడి దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి కాపు ఎంత విలువైనదో ఈ తీరానికి వేరుగా చెప్పనక్కరలేదు.

బాపట్ల వైపు నేల తీరు వేరు. అక్కడ ఇసుక పర్ర. ఇసుకలో ఇంకిన వాన నీరు కింది ఉప్పునీటికంటె తేలిక కనుక దానిపై పలుచటి పొరగా నిలుస్తుంది. రైతులు లోతు తక్కువ గుంటలు తవ్వి ఆ మంచినీటిని తోడుకుంటారు. వాటినే దొరువులు అంటారు. ఆశపడి లోతుగా తవ్వినా, అతిగా తోడినా ఉప్పునీరు పైకి వస్తుంది. సూర్యలంక సముద్రతీరంలో విహరించేవారికి కనిపించని ఈ పలుచని పొరమీదనే ఆ ఇసుకనేల సేద్యం ఆధారపడి ఉన్నది.

నేడు ఈ తీరం రెండు వైపులనుంచి ఒత్తిడికి గురవుతున్నది. ఎగువన జలాశయాలు లక్షల ఎకరాల దాహాన్ని తీర్చాయన్నది కాదనలేని నిజం. కాని నది మోసుకురావలసిన ఒండ్రులో అధికభాగం వాటిలోనే నిలిచిపోతున్నది. ఒండ్రు అందని మొగలలో అలలు నేలను కోసుకుపోతున్నాయి. మరోవైపు ప్రపంచ సగటు సముద్రమట్టం 1901 - 2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. వేడికి నీరు వ్యాకోచించడం, నేలమీది మంచు కరగడం దీనికి ముఖ్యకారణాలు. అలాస్కా కొండలమీది మంచుకూ అందులో భాగమున్నది. అక్కడ ఓడ అంచున నిలబడి పెళ్ల విరిగిపడడాన్ని వేడుకగా చూసిన తెనాలివాసికి ఆ నీటితో చుట్టరికం ఉన్నది. అక్కడ మంచు తొలగి నేల పైకి తేలుతున్నది. ఇక్కడ ఒండ్రు తగ్గి నేల నీటికి లోబడుతున్నది.

చిన్న పడవ మనిషికి వేగాన్నివ్వదు. తాను నిలిచిన నేల ఎవరి శ్రమవల్ల ఏర్పడిందో, ఎంత సన్నని ఆధారంమీద నిలిచి ఉన్నదో మాత్రం చూపిస్తుంది. మడమొక్క నాటడం, కాలువలో చెత్త వేయకుండా ఉండడం, దొరువును పొదుపుగా తోడుకోవడం చిన్న పనులుగా కనిపించవచ్చు. నది ఈ డెల్టాను కట్టినదీ అటువంటి చిన్న పనితోనే: ఏటా ఒక పలుచని ఒండ్రుపొర.