అదనపు కమానుపట్టీ
బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో తెలుగు కార్మికులు వచ్చి స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. అక్కడి ఇందాలో పాత పికప్ కొని బాడుగకు తిప్పే మనిషి వెనుక ఇరుసుకు అదనపు కమానుపట్టీలు వేయించదలిస్తే, బండి ఎత్తుగా నిలుస్తుంది, బరువుకు కుంగదు. బ్రేకులు, ఇరుసు మాత్రం పాతవే. ఖాళీ బండి గుంతల్లో ఎగిరిపడుతుంది.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ శాసిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్నే నిలబెట్టింది. అదే ఏటి సవరణ, చట్టవిరుద్ధమైన ఒక్కో మార్పుకు యజమానిపై రూ.5000 జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నది.

నియమం సబబే, ప్రాణాలు ముఖ్యం. అయితే న్యాయమైన బరువుకు వచ్చే బాడుగ డీజిలుకూ కిస్తీకీ చాలనప్పుడు, అధిక బరువే అతనికి బతుకుతెరువు. ఆ బాడుగను నిర్ణయించే సరుకుదారు గుమ్మం వరకు తనిఖీ చేరనంత కాలం ఆ పట్టీలు ఊడవు.