ఇద్దరు రంభలు, ఒక గంగమ్మ

తిరుపతి స్టేషన్ బయటకి రాగానే ఆటో అబ్బాయి అడిగాడు, "కొండకా సామీ?" కాదన్నాను. "తిరుచానూరా?" అదీ కాదన్నాను. "మరి యాడికి?" పాఠం వినడానికి వచ్చానని చెబితే ఒక్క క్షణం ఆగి, నా సంచీ అందుకుని లోపల పెట్టాడు.

నేను రాజమండ్రి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది నిజంగా పాఠం కోసమే. ఇక్కడ ఒక కళాశాలలో తెలుగు చెప్పే స్నేహితురాలు ఫోన్ చేసి, "మా ఎమ్మే పిల్లలు కళాపూర్ణోదయాన్ని థ్రిల్లర్ నవల చదివినట్టు చదువుతున్నారు, వచ్చి ఓ పూట కూర్చో" అంది. మా రోజుల్లో ఆ కావ్యం అంటే ప్రతిపదార్థం, ఛందస్సు, పరీక్షకు పది పద్యాలు. అందులో కథ ఉందన్న సంగతే నాకు డిగ్రీ అయిపోయాక తెలిసింది.

ఆటో దిగాక దారి తప్పాను. మా ఊళ్లో గోదావరి ఎటుందో తెలిస్తే దిక్కు తెలిసినట్టే. ఇక్కడ కొండను గుర్తు పెట్టుకుందామంటే చాలా సందుల చివర కొండే కనిపిస్తోంది, ప్రతిసారీ అదే దగ్గరితనంతో. మూడోసారి అదే పూలకొట్టు ముందుకు వచ్చేసరికి అక్కడి అవ్వ, "దావ తప్పినావా నాయనా? దర్శనం అయిందా?" అని రెండూ కలిపి అడిగింది. మీరు వెళ్తే ఆ రెండో ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఇక్కడ 'బాగున్నారా' అన్నదానికి బదులు అదే.

క్లాసులో ఇరవై మంది దాకా ఉన్నారు. బోర్డు మీద పద్యం లేదు. పేర్లు ఉన్నాయి, బాణం గుర్తులు ఉన్నాయి: ఏ రహస్యం ఎవరికి ఎప్పుడు తెలిసింది? పింగళి సూరన పదహారో శతాబ్దంలో ఏ పురాణాన్నీ ఆసరా చేసుకోకుండా సొంతంగా అల్లి, నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కథ ఇది. ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి ఆకాశంలో పోతున్న విమానంలో రంభా నలకూబరులను చూస్తుంది. నలకూబరుడి మీద మనసు పడుతుంది. అతని రూపాన్ని మణికంధరుడనే మరొకడు తెచ్చుకుంటాడు, రంభ రూపాన్ని కలభాషిణి తెచ్చుకుంటుంది. ఒక సిద్ధుడు ఆమెను సింహం మీద ఎక్కించుకుపోయి అడవిలోని అమ్మవారి గుడిలో బలి ఇవ్వబోతాడు. చిక్కుముడులన్నీ చివరికి మాటలు రావలసిన వయసు కూడా కాని పసిపాప నోట విడతాయి. భూమ్మీద ఎవరూ చెప్పకూడని కథ ఒకటి దీని మధ్యలో దాగి ఉంటుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో 'ది సౌండ్ ఆఫ్ ది కిస్' పేరుతో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, చెప్పకూడని కథ అన్న మాటను ఉపశీర్షికలోనే పెట్టారు.

ఆ రోజు పాఠం ఇద్దరు రంభలు ఎదురుపడి, నేనంటే నేనని పోట్లాడుకునే ఘట్టం. ఇది నమ్మశక్యమా అని స్నేహితురాలు అడిగింది. 'తులసిదళం' నవల చదివి రాత్రి దీపం ఆర్పలేదన్న కుర్రాడొకడు, చేతబడినైతే నమ్మొచ్చు గానీ రూపం మారడం కష్టమన్నాడు. వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"మాకిది కొత్త గాదు మేడం. గంగ జాతరప్పుడు మా నాయన మొక్కుకొని చీర కట్టుకుంటాడు. ఆ పొద్దు మా అవ్వ కూడా ఆయన్ని కొడుకా అనదు, అమ్మా అంటాది."

నాకు ఒళ్లు జలదరించింది. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో జరుగుతుంది. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందట: బైరాగి, బండ, తోటి. దొర వేషంలో వస్తే వాడు మోసపోయి బయటికి వచ్చాడు, ఆమె వాడి తల నరికింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదార్చింది. ఆ ఓదార్పు నన్ను ఇప్పటికీ వదలడం లేదు. రూపం మార్చేది పగ తీర్చుకోవడానికే కాదు, చంపినవాడి ఇంటికి వెళ్లగలగడానికి కూడా. ఇది ఎరిగి పెరిగిన పిల్లకు సూరన అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మా వైపు పిల్లలకు ఈ మెట్టు లేదు.

మధ్యాహ్నం వాళ్ల డబ్బాల్లోంచే తిన్నాను. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి. సంగటిని నమలకూడదట, పులుసులో ముంచి మింగాలట. అన్నం మెతుకు మెతుకూ విడిగా ఉండాలనుకునే గోదావరి నోటికి ఆ ముద్ద కొత్త. రెండో ముద్దకే అలవాటైంది.

మర్నాడు చిత్తూరు బస్సెక్కాను. చంద్రగిరి దాటాక మామిడి తోటలు, బండరాళ్ల గుట్టలు. నాకు కావలసింది ఊరిని ఆనుకుని ఉన్న కట్టమంచి. 1880లో ఇక్కడ పుట్టిన రామలింగారెడ్డి, 'కవిత్వతత్త్వ విచారము'లో సూరన కథ అల్లిన తీరును తెలుగు వాళ్ల ముందు పెట్టి, అలంకారాల కంటే ముందు కథ నడక చూడమన్నారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడైంది ఆయనే. నిన్న బోర్డు మీద చూసిన బాణం గుర్తులకు మొదలు ఇక్కడే అనిపించి చాలాసేపు నిలబడ్డాను.

కట్టమంచి చెరువు గట్టున కూర్చుంటే 'ముసలమ్మ మరణం' గుర్తొచ్చింది. ఆయన యౌవనంలో రాసిన ఆ కావ్యంలో, తెగబోయే చెరువుకట్టను నిలపడానికి ఒక కోడలు ఆత్మబలి ఇస్తుంది. ఆ కథ అనంతపురం సీమది. అయినా చెరువున్న ఊళ్లో పెరిగినవాడికి అది ఎందుకు పట్టిందో ఆ నీళ్లను చూస్తే తెలుస్తుంది.

బస్సు కోసం వచ్చి పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలో పుస్తకం ఏందని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. కలభాషిణిని సింహం గుడి ముందు దించే దాకా వచ్చేసరికి ఆయన బస్సు వచ్చింది. లేవమన్నాను.

"ఇంకోటి వస్తాది లేప్పా. ఆ పిల్ల ఏమాయె, చెప్పు."